సాఫ్ట్‌వేర్ అడ్డా: కథకులు వదిలేసిన లెక్క

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి తెలుగు కథలోకి వచ్చి పాతికేళ్లు దాటింది. నేను చదివినంతలో అతను ఎక్కువగా రెండు రూపాల్లో కనిపిస్తాడు. ఒకటి, డాలర్ల మోజులో పడి తల్లిదండ్రుల్ని మరిచిపోయిన కొడుకు. రెండు, అద్దాల మేడలో రాత్రింబగళ్లు పనిచేసి నిద్రకీ ప్రేమకీ దూరమైన మనిషి. ఈ రెండూ అబద్ధాలు కావు. అయితే రెండింటిలోనూ అతను ఉద్యోగంలో చేరిపోయిన తర్వాతనే కథ మొదలవుతుంది. ఆ ఉద్యోగం అతనికి ఏ దారిన వచ్చింది, వచ్చేదాకా అతన్ని ఎవరు పోషించారు, మధ్యలో ఎవరెవరు ఎంత తీసుకున్నారు అన్న ప్రశ్నలు కథ బయటే ఉండిపోయాయి. రైతు మీద కథ రాసేవాడు విత్తనం ధర, అప్పు మీద వడ్డీ, మార్కెట్ యార్డులో తూకం తెలుసుకుని రాయాలని మనం పట్టుబడతాం. చేనేత మీద రాస్తే నూలు ఎవరిస్తున్నారని అడుగుతాం. సాఫ్ట్‌వేర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ పట్టుదలని వదిలేశాం.

ఈ విమర్శ ముందుగా నా మీద నేనే చేసుకోవాలి. నేను తాండూరులో జూనియర్ కాలేజీ తెలుగు అధ్యాపకుడిగా పనిచేసి రిటైరయిన వాణ్ణి. 2000లో ఒక కథ రాశాను. అమెరికా వెళ్లే కుర్రవాడు, గర్వంతో మిడిసిపడే తండ్రి, నాపరాళ్ల గనిలో దుమ్ము తింటున్న బాల్య స్నేహితుడు, చివర్లో కొంచెం వ్యంగ్యం. ఆ కుర్రవాడికి నమూనా మా అక్క కొడుకే. ఏడాదిన్నర తర్వాత అతను తిరిగొచ్చి ఆ కథ చదివి ఒకటే మాట అన్నాడు: "కథ మంచిగనే ఉంది మామా. గని నా జీతం ఎంతో రాసినవ్, నా పని ఎంతకు అమ్ముడుపోయిందో రాయలే."

ఆ మాటకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసం చేసిన ప్రయత్నం.

1

ముందు మా ఊరి సంగతి కొంత చెప్పాలి. తాండూరు నాపరాయికీ, కందికీ పేరుపడ్డ ఊరు. ఇక్కడి కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నీలం బండ, పసుపు బండ గనుల నుంచి పాలిషింగ్ యూనిట్లకి, అక్కడి నుంచి దూర ప్రాంతాలకి పోతాయి. ఈ గనుల్లోనూ, చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల నిర్మాణంలోనూ పనిచేసిన కూలీల్లో చాలామంది గుంపు మేస్త్రీల కింద వచ్చినవాళ్లు. పక్కనున్న పాలమూరు జిల్లా కూలీలు మేస్త్రీ దగ్గర బయానా తీసుకుని దేశంలోని ఆనకట్టలన్నిటికీ మట్టి మోసిన చరిత్ర మనందరికీ తెలుసు. ఆ ఏర్పాటు ఇట్లా ఉంటుంది: పని ఇచ్చేవాడికి కూలీ తెలియదు, కూలీకి పని ఇచ్చేవాడు తెలియడు. ఇద్దరికీ నడుమ మేస్త్రీ. పని లేని రోజున కూలీ తిండి యజమాని లెక్కలోకి రాదు. ఆ రోజుల ఖర్చు కూలీ అప్పు ఖాతాలోకి పోతుంది.

ఈ బొమ్మని మనసులో పెట్టుకుంటే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల సంత అర్థం చేసుకోవటం కష్టం కాదు.

2

తెలుగువాళ్లకి ఆ సంత తలుపులు పెద్దగా తెరుచుకున్నది 1990ల చివర్లో. కారణం ఒక చిన్న పొదుపు. మెమరీ ఖరీదైన వస్తువుగా ఉన్న రోజుల్లో రాసిన ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని నాలుగంకెలకు బదులు చివరి రెండంకెలతో రాసేవారు. 1998ని 98 అని రాస్తారు. 2000 వచ్చేసరికి అది 00 అవుతుంది, యంత్రం దాన్ని 1900 అనుకోవచ్చు. బ్యాంకుల వడ్డీలు, బీమా గడువులు, పింఛన్లు అన్నీ తారుమారవుతాయి. దీన్నే వైటూకే సమస్య అన్నారు. సరిచేయటానికి పెద్ద మేధస్సు అక్కరలేదు. కోబాల్ వంటి పాత భాషల్లో రాసిన లక్షల వరుసల్ని ఒక్కొక్కటిగా వెతికి మార్చే ఓపిక కావాలి. గడువు మాత్రం దాటరానిది.

అమెరికాలో అంతమంది మనుషులు లేరు. 1990 నాటి చట్టం కింద ఏడాదికి 65,000గా ఉన్న హెచ్1బీ వీసాల పరిమితిని 1998లో చట్టం చేసి 1,15,000కి పెంచారు. 2000లో ఇంకో చట్టంతో 1,95,000కి పెంచారు. సరిగ్గా ఆ కాలంలోనే, 1998లో, హైదరాబాదులో సైబర్ టవర్స్ తెరిచారు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ శిక్షణ సంస్థలు పుట్టగొడుగుల్లా లేచాయి. తాండూరు నుంచి సికింద్రాబాదు పోయే రైలు లింగంపల్లి దాటగానే ఆ కొత్త మేడల పక్కనుంచే పోతుంది. మా కాలేజీ పిల్లలు కిటికీలోంచి వాటిని చూస్తూ పెరిగారు.

మా మేనల్లుడు గుల్బర్గాలో ఇంజనీరింగ్ చదివాడు. మెకానికల్. 1998లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకున్నాడు. చదివిన చదువుకీ చేయబోయే పనికీ సంబంధం లేకపోవటం అప్పుడు ఎవరికీ వింతగా తోచలేదు. సంతకి కావలసింది ఇంజనీరు కాదు, ఇంజనీరింగ్ పట్టా ఉన్న రెండు చేతులు.

3

ఇక అసలు లెక్కకి వద్దాం. న్యూజెర్సీలో ఒక బీమా కంపెనీకి ప్రోగ్రామరు కావాలి. అది నేరుగా తాండూరు కుర్రవాణ్ణి పిలవదు. తాను ఒప్పందం చేసుకున్న ఒక పెద్ద సరఫరాదారుని అడుగుతుంది. అతను ఇంకో చిన్న సరఫరాదారుని అడుగుతాడు. ఆ చిన్నవాడు, వీసాకి దరఖాస్తు పెట్టి మనుషుల్ని రప్పించుకున్న ఒక కన్సల్టెన్సీని అడుగుతాడు. ఆ కన్సల్టెన్సీ కాగితాల మీద మన కుర్రవాడికి యజమాని. కానీ అక్కడ అతను చేసే పని ఏదీ లేదు. అతని పనిని గంటల లెక్కన ఇంకొకరికి అద్దెకివ్వటమే ఆ కంపెనీ వ్యాపారం. దీనికి వాడుకలో ఉన్న పేరు బాడీ షాపింగ్. సభ్యత కోసం ఎవరూ ఆ పేరు మార్చలేదు.

మా వాడి పని గంటకి 65 డాలర్లకి అమ్ముడుపోయింది. ఆ సంగతి అతనికి తెలిసింది ప్రాజెక్టు అయిపోయిన తర్వాత, పొరపాటున ఎవరో చూపించిన ఒక బిల్లు వల్ల. అతని జీతాన్ని గంటలకి పంచితే, పన్నులు పోకముందు, 24 డాలర్లు. మిగిలిన 41 డాలర్లు మూడు చేతులు పంచుకున్నాయి. ఇందులో కన్సల్టెన్సీ ఖర్చులూ ఉన్నాయి, కాదనను. అయితే ముగ్గురిలో ఇద్దరు అతని మొహం కూడా చూడలేదు.

పాలమూరు మేస్త్రీకీ ఈ మేస్త్రీకీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. పాలమూరు మేస్త్రీ కూలీకి బయానా ఇచ్చి కట్టేసుకుంటాడు. ఇక్కడ కూలీయే మేస్త్రీకి బయానా కడతాడు. వీసా ఖర్చని, శిక్షణ అని, డిపాజిట్ అని రకరకాల పేర్లతో మా బావ లక్షా యాభై వేలు కట్టాడు. మూడెకరాల కంది చేను అమ్మాడు. చాలని దానికి అప్పు తెచ్చాడు. ఆ అప్పుకి జామీను సంతకం నాది. నేను కథలో వెక్కిరించిన ప్రయాణానికి జామీను పడ్డవాణ్ణి నేనే. అయినా ఆ సంతకం నా కథలోకి రాలేదు.

4

ఇప్పుడు ఈ సంతకి గుండెకాయలాంటి మాటకి వద్దాం: బెంచీ. ఒక ప్రాజెక్టు అయిపోయి ఇంకోటి దొరికేలోపు ఉద్యోగి ఖాళీగా ఉండే కాలాన్ని బెంచీ మీద ఉండటం అంటారు. మా వాడు దిగిన మొదటి ఇంట్లో రెండు గదుల్లో తొమ్మిదిమంది. అందరూ బెంచీయే. పొద్దున లేచి ఫోన్ ఇంటర్వ్యూలకి కూర్చోవటం, లేని అనుభవాన్ని కాగితం మీద ఉన్నట్టు చూపించిన తమ బయోడేటాలని తామే బట్టీ పట్టటం, వంతులవారీగా వంట. 2000 వేసవిలో దిగినవాడికి మొదటి ప్రాజెక్టు దొరికేసరికి పదకొండు వారాలు పట్టింది. ఆ పదకొండు వారాలకీ జీతం లేదు.

ఇది చట్టవిరుద్ధం. 1998 నాటి అమెరికా చట్టమే, యజమాని పని చూపించలేని కాలానికి కూడా హెచ్1బీ ఉద్యోగికి జీతం ఇవ్వాలని స్పష్టంగా చెప్పింది. ఆ హక్కు ఆ ఇంట్లో తొమ్మిదిమందికీ తెలుసు. అయినా ఒక్కడూ ఫిర్యాదు చేయలేదు. ఎందుకంటే వీసా యజమాని పేరు మీద ఉంది. ఫిర్యాదు చేస్తే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే ఆ దేశంలో ఉండే హక్కే పోతుంది. ఇంటి దగ్గర అప్పు మాత్రం ఉంటుంది. కొత్త యజమాని దరఖాస్తు పెట్టిన వెంటనే అతని దగ్గర పనిలో చేరవచ్చునన్న వెసులుబాటు 2000 అక్టోబరులో వచ్చిన చట్టంతో గాని రాలేదు. అదీ కొత్త యజమాని దొరికితేనే.

ఇక్కడ మనం ఒక విషయం గమనించాలి. బూమ్ అంటే పనివాళ్ల కొరత. కొరత ఉన్నప్పుడు పనివాడి బేరసారాల బలం పెరగాలి. కొంత పెరిగింది కూడా. జీతాలు పెరిగాయి, వేలాది కుటుంబాలు పచ్చబడ్డాయి. దీన్ని కాదంటే పాఠకుడు మనల్ని నమ్మడు. కానీ బూమ్‌లో పని ఎప్పుడు, ఎక్కడ, ఎన్నాళ్లు ఉంటుందో ఎవరికీ తెలియదు. కంపెనీకి కావలసింది, అడిగిన మర్నాడు పనిలోకి రాగల మనిషి. అంటే అడిగేదాకా ఎక్కడో కాచుక్కూర్చుని ఉండే మనిషి. ఆ కాచుక్కూర్చునే కాలానికి ఎవరో ఒకరు తిండి పెట్టాలి. ఈ సంత నేర్పరితనమంతా ఆ ఖర్చుని కంపెనీ లెక్కల పుస్తకంలోంచి తీసి కుర్రవాడి ఇంటి లెక్కలోకి తోయటంలో ఉంది. మార్క్స్ 1867లో పారిశ్రామిక రిజర్వు సైన్యం అన్నది నిరుద్యోగుల గురించి. ఇక్కడ ఆ సైన్యం ఉద్యోగం ఉందనుకుంటున్నవాళ్ల లోపలే ఉంది. యూనిఫాం వేసుకుని, ఐడీ కార్డు మెడలో తగిలించుకుని ఉంది.

5

ఆ తిండి ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్న మనకంటే ముందు ఒక చైనా మానవశాస్త్రవేత్త వేశాడు. షియాంగ్ బియావో అనే పరిశోధకుడు హైదరాబాదులోనూ సిడ్నీలోనూ తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల మధ్య తిరిగి 'గ్లోబల్ బాడీ షాపింగ్' అనే పుస్తకం రాశాడు. అది 2007లో వచ్చింది. ప్రపంచమంతా చౌకగా దొరుకుతున్న ఈ శ్రమ వెనక తెలుగు పల్లెల వ్యవసాయ మిగులు, కులం, ముఖ్యంగా కట్నం ఉన్నాయని అతను చూపించాడు. సాఫ్ట్‌వేర్ వరుడికి కట్నం పెరిగింది. పెరిగిన కట్నం ఆశ మీద చదువుకీ వీసాకీ పెట్టుబడి పెట్టారు. అంటే ఒక ఆడపిల్ల తండ్రి పొలం అమ్మిన డబ్బు చివరికి న్యూజెర్సీ బీమా కంపెనీకి చవకైన ప్రోగ్రామరుగా మారింది.

గురజాడ 'కన్యాశుల్కం'లో పెళ్లి ఒక సంత అని, ఇంగ్లీషు చదువు ఆ సంతలో చెలామణీ అయ్యే నాణెమని చూపించాడు. అక్కడ డబ్బు వరుడి నుంచి పిల్ల తండ్రికి పోయేది. తర్వాత దిశ మారింది, సంత మారలేదు. ఉద్యోగాల సంతకీ పెళ్లిళ్ల సంతకీ ఉన్న ఈ ముడిని విప్పటానికి మనకి సొంత సంప్రదాయమే ఉంది. కారా 'యజ్ఞం'లో అప్పు ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎట్లా సంక్రమిస్తుందో చదివినవాళ్లం మనం. అదే కన్నుతో వీసా అప్పుని ఎందుకు చూడలేదు?

మా ఇంట్లో ఆ ముడి ఇట్లా పడింది. 2000 మార్చి 10న అమెరికాలో నాస్‌డాక్ సూచీ 5,000 దాటి శిఖరాన నిలిచింది. 2002 అక్టోబరు నాటికి 1,100 చిల్లరకి పడిపోయింది. మా వాడి ప్రాజెక్టు 2001 జనవరిలో ఆగిపోయింది. మళ్లీ బెంచీ. ఆ నెలల్లో డబ్బు ప్రవాహం తలకిందులైంది. అమెరికా నుంచి తాండూరుకి రావలసిన డబ్బు తాండూరు నుంచి అమెరికాకి పోయింది. మా అక్క గాజులు తాకట్టుకి వెళ్లాయి. అదే సంవత్సరం చివర్లో అతను తిరిగొచ్చాడు. కుదిరిన సంబంధం వాళ్లు ఏమీ అనకుండానే తప్పుకున్నారు. బావ పాలిషింగ్ యూనిట్‌లో ఒక యంత్రం అమ్మి జామీను అప్పు తీర్చాడు. ఆ యంత్రం మీద పనిచేసే ఇద్దరు కూలీలు మానేయవలసి వచ్చింది. బీమా కంపెనీ మాంద్యం అట్లా అంచెలంచెలుగా దిగి మా ఊరి ఇద్దరు బండ కూలీల మీద ఆగింది. నా కథలో సాఫ్ట్‌వేర్ కుర్రవాణ్ణీ బండ కూలీనీ ఒకరికొకరిని విరుద్ధంగా నిలబెట్టాను. నిజంలో వాళ్లిద్దరూ ఒకే గొలుసులో రెండు కడియాలు.

6

ఇదంతా పాత చరిత్ర కదా అనవచ్చు. సంత పెరిగింది, రూపం మారింది, సూత్రం మారలేదు. 2008 ప్రాంతంలో ప్రభుత్వం తెచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంటు వల్ల దళిత, బీసీ, మైనారిటీ పిల్లలు మొదటిసారి పెద్ద సంఖ్యలో ఇంజనీరింగ్‌లోకి వచ్చారు. ఇది చిన్న విషయం కాదు. నా తరగతిలో వెనక బెంచీల్లో కూర్చున్న పిల్లలు కొందరు ఈనాడు కుటుంబాలని నిలబెట్టారు. అదే సమయంలో ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు 700 దాటాయి. ఇన్ని పట్టాలు ఉన్నప్పుడు కొరత అనే మాట పైమెట్టుకే వర్తిస్తుంది. కింది మెట్టు దగ్గర ఎప్పుడూ గుంపే. పెద్ద కంపెనీలు కొత్తవాళ్లకి ఇచ్చే జీతం ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూ పదేళ్లకి పైగా కదలకుండా నిలబడటానికి కారణం అదే.

2009 జనవరి 7న సత్యం అధినేత తన లెక్కలు అబద్ధమని ఉత్తరం రాసినప్పుడు వేలాది ఇళ్లలో రాత్రికి రాత్రి బెంచీ దిగింది. 2021లో కరోనా తర్వాత మళ్లీ బూమ్. 2022లో పెద్ద కంపెనీల్లో ఏడాదికి ఐదుగురిలో ఒకరు మెరుగైన జీతానికి మానేసే స్థితి. అదే ఏడాది చివరికి గాలి తిరిగింది. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తీసేస్తున్నామన్నాయి. ఇక్కడ ఆఫర్ లెటర్లు చేతిలో పట్టుకున్న పట్టభద్రులు చేరే తేదీ కోసం నెలలు ఎదురుచూశారు. ఉద్యోగం ఉంది, జీతం లేదు. ఇది కొత్త రకం బెంచీ. కంపెనీలో కాకుండా అమ్మా నాన్నల ఇంట్లో వేసిన బెంచీ. 2025 జూలైలో టీసీఎస్ 12,000 పైచిలుకు మందిని తగ్గిస్తామని ప్రకటించింది. అదే సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్1బీ దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుము విధించాడు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి ఐటీ సంస్థలకి మన ప్రభుత్వాలు మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. మా ఊరి కిరాణా కొట్టు గుమాస్తాకి కాగితం మీదైనా ఉన్న కొన్ని రక్షణలు అద్దాల మేడలో ప్రోగ్రామరుకి అందుబాటులో లేవు.

7

మా మేనల్లుడు ఇప్పుడు హైదరాబాదులో ఒక కంపెనీలో మధ్యస్థాయి అధికారి. ఇంటర్వ్యూ బల్లకి అవతలి వైపు కూర్చుంటాడు. 2023లో ఒకసారి పండక్కి వచ్చి, అన్నం ముందు కూర్చుని తినలేకపోయాడు. బెంచీ మీదున్న వాళ్లలో ఎవర్ని తీసేయాలో పేర్లు రాసిమ్మని పైవాళ్లు అడిగారట. "తొమ్మిదిమంది పేర్లు ఇయ్యాలె మామా. ఎన్మిది రాసిన" అన్నాడు. నేను తొమ్మిదో పేరు అడగలేదు. న్యూజెర్సీ ఇంట్లో తొమ్మిదిమంది ఉండేవారన్నది మాత్రం ఇద్దరికీ గుర్తుంది.

ఇతన్ని ఏ వర్గంలో పెడతాం? పీడితుడా, పీడించే యంత్రంలో భాగమా? రెండూనని చెప్పి ఊరుకోవటం తేలిక. ఎప్పుడు ఏది, ఎందువల్ల అన్నది చూపించటం కథకుడి పని. అందుకు జాలి చాలదు, వ్యంగ్యం అసలే చాలదు. బిల్లు రేటు తెలియాలి, వీసా ఎవరి పేరు మీద ఉందో తెలియాలి, బెంచీ కాలంలో ఎవరి గాజులు తాకట్టులో ఉన్నాయో తెలియాలి. వస్తువుని తెలుసుకోకుండా శిల్పం గురించి ఎంత మాట్లాడినా అది నా 2000 నాటి కథే అవుతుంది.

సాహిత్య విద్యార్థులకి ఒక సూచన. మీ వీధిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉన్న ఇల్లు కనీసం ఒకటి ఉంటుంది. ఆ ఇంటికి వెళ్లి అతని జీతం అడగకండి, అది వాళ్లే చెబుతారు. ఆ ఉద్యోగం రావటానికి ఏం అమ్మారు, ఎవరు జామీను పడ్డారు, జీతం రాని నెలలు ఎన్ని అని అడగండి. ఎక్కువసార్లు జవాబు చెప్పేది ఆ ఇంటి ఆడవాళ్లు. వాళ్లు చెప్పింది రాసుకోండి.

నేను నా కథని మళ్లీ రాస్తున్నాను. ఈసారి విమానాశ్రయంలో కాదు, జామీను కాగితం మీద సంతకం దగ్గర మొదలుపెట్టాను.